పాత ఇత్తడి, రాతి సామాను వెతికి కొనాలా, కొత్తగా చేయించుకోవాలా?

స్వర్ణముఖి, తిరుపతి:

"పాత రాచిప్ప (రాతి గిన్నె) ఎక్కడ దొరుకుతుంది?", "అమ్మమ్మల కాలం నాటి ఇత్తడి గుండిగ అమ్మేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ఈ గ్రూపులో తరచూ అడుగుతున్నారు. జవాబుగా పాత సామాన్ల వ్యాపారుల ఫోటోలు వస్తున్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వంటకు వాడుకోవాలంటే పాతవాటి కోసం వెతుకులాట మానేసి, ఇప్పుడు ఆ పని చేస్తున్నవాళ్ల దగ్గర కొత్తవి చేయించుకోవాలి.

వస్తువులు ఇంకా ఉన్నాయి. వాటిని బాగుచేసేవాళ్లే కరువయ్యారు. మన ఊళ్లో ఇత్తడి గిన్నెలు అటక మీద పడి ఉన్న ఇళ్లు ఎన్నో. లోపలి తగరం పూత, అదే కళాయి, పోయింది, మళ్లీ వేసేవాడు రాలేదు, అందుకే అవి అటకెక్కాయి. ఒకప్పుడు కళాయి పనివాళ్లు వీధి చివర బొగ్గుల కొలిమి పెట్టి, గిన్నెను కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా పూసేవాళ్లు. ఆ పూత లేని ఇత్తడిలో చింతపండు పులుసు కాచితే రాగి, జింకు పులుసులోకి దిగుతాయి. రుచి చెడుతుంది, కడుపులో తిప్పుతుంది.

రోలు సంగతీ అంతే. నున్నబడితే కక్కు కొట్టాలి, అంటే ఉలితో గరుకు చేయాలి. రోకలి కొనకు ఉండే ఇనుప కట్టు, పొన్ను, ఊడితే కమ్మరి కావాలి. పాత గుండిగకు మనం వ్యాపారికి పోసే డబ్బులో వీళ్లెవరికీ ఒక్క రూపాయి చేరదు. కొత్తది చేయిస్తే చేరుతుంది. వాళ్లు పనిలో నిలబడితే మన అటక మీదవి కూడా బాగుపడతాయి.

పాకాల జంక్షన్:

అక్కా, మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను. ఇప్పుడు బజార్లో ఇత్తడి పేరుతో అమ్మేవి చాలావరకు పల్చటి రేకును మిషన్ మీద నొక్కి చేసినవి. పాయసం కాస్త చిక్కబడగానే అడుగంటుతుంది. పాత తపేలా అడుగు మందం, వేడి అంతటా సమంగా పాకుతుంది. పోత ఇనుము పొంగణాల పెనం కూడా అంతే. ఏళ్ల తరబడి నూనె తాగిన గుంతల్లోంచి పొంగణం దానంతట అది లేస్తుంది. కొత్తదానికి ఆ గుణం రావాలంటే ఎంత కాలం పడుతుందో వాడేవాళ్లకు తెలుసు.

ఇంకోటి. మనం కొనకపోతే ఆ గుండిగ ఏమవుతుంది? తూకానికి అమ్ముడుపోయి బట్టీలో కరిగిపోతుంది. ఏ వ్యాపారి చేతిలో ఉన్నా సరే, వస్తువు బతకడం ముఖ్యం కదా.

గుంతపొంగణం, చిత్తూరు:

రోలు గురించి ఇంత ప్రేమగా రాస్తున్నవాళ్లు ఇంటిల్లిపాదికీ పిండి రుబ్బి ఉంటారా? నేను రుబ్బాను. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఇడ్లీ పిండి, పచ్చళ్లు, కారం అన్నీ నా చేతి మీదుగానే. భుజాలు లాగేసేవి, దాని గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు. గ్రైండర్ వచ్చిన రోజు నాకు పండగ. కోయంబత్తూరు వాళ్లు రాయిని వదలకుండా దానికి మోటారు పెట్టారు, అది మంచి పని. పాతది పోయిందని ఏడ్చేముందు దాని వెనకాల ఎవరి చాకిరీ ఉందో చూడండి.

అలాగని అన్నీ వద్దనను. ఆకుకూరల పులగూర మిక్సీలో వేస్తే పులగూర కాదు, జిగురు. ఆకు ఉడికాక చట్టిలోనే పప్పుగుత్తితో ఎనపాలి, ఆకు నలగాలి గానీ పేస్టు కాకూడదు. చెనిగ్గింజల (వేరుశనగ) ఊరిబిండి పచ్చడి కూడా రోట్లో కచ్చాపచ్చాగా నూరితేనే పంటికి తగులుతుంది. వీటికి పెద్ద రోలు అక్కర్లేదు, చిన్నది చాలు. గాట్లు సరిగ్గా తీసిన పప్పుగుత్తి మాత్రం ఇప్పుడు నిజంగా దొరకడం లేదు. బజార్లోవి తల నున్నగా ఉంటున్నాయి, గింజ కింద జారిపోతుంది.

స్వర్ణముఖి, తిరుపతి:

పాకాల తమ్ముడూ, మందం విషయం నిజమే. అయితే పాతది కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పాత బిందెలకు, గుండిగలకు చిల్లు పడితే లోహం కరిగించి అతికి మాటు వేయించేవాళ్లు. ఆ మాటులో తగరంతో పాటు సీసం కలుస్తుంది. పైన మెరుగు పెట్టి అమ్మితే మాటు కనిపించదు. అందులో పులుసు మరిగిస్తే సీసం మన పిల్లల కంచంలోకి వస్తుంది. వెనకటి కళాయిలో తగరం ఎంత, కల్తీ ఎంత అన్నది కూడా ఎవరూ చెప్పలేరు. సొంత ఇంటి పాత్ర అయితే దాని చరిత్ర పెద్దవాళ్లను అడగొచ్చు. కొన్న పాత్రకు ఎవరిని అడుగుతాం?

కళాయి వేయించినా ఒక జాగ్రత్త ఉంది. తగరం 232 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోతే పూత మొత్తం ముద్దకట్టి కారిపోతుంది. వేపుళ్లకు, తాలింపులకు కళాయి గిన్నె పనికిరాదు. పులుసు, చారు, పాలు, పాయసం, ఇంతవరకే.

"వస్తువు బతకాలి" అన్నారు. తిరుమలలో స్వామివారికి రోజూ కొత్త మట్టి ఓడులో పెరుగన్నం నివేదిస్తారు. అంత వైభవం ఉన్న గుళ్లో ఆ నివేదనకు మాత్రం బంగారు గిన్నె కాదు, కుమ్మరి చేసిన ఓడే. రోజూ కొత్తది కావాలి గనుక చేసేవాడి పని కూడా ఆగదు. నేను అడిగేది ఇదే. రిసార్టు తోటలో రోలు పెట్టి అందులో పూలమొక్క నాటితే రోలు బతికినట్టా?

కొలిమి పక్క ఇల్లు, పలమనేరు:

మాది కమ్మరి ఇల్లు కాబట్టి చెబుతున్నా. మచ్చుకత్తి, కొడవలి, ఈలకత్తి మేం ఇప్పటికీ చేయగలం. లారీ కమాన్ పట్టీలు పాతవి తెచ్చి సాగగొడతాం, దానికి మించిన ఉక్కు మాకు దొరకదు. కత్తి కొట్టడం సగం పనే. అంచు ఎర్రగా కాలాక నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది గానీ పెళుసైపోతుంది, రాయి తగిలితే అంచు రాలిపోతుంది. మళ్లీ కాస్త వేడి చూపించి, ఎండుగడ్డి రంగు తేలగానే ఆపాలి. ఆ రంగు చూసే కన్ను మా నాయనకు ఉంది. నేర్చుకోవడానికి మా ఇంట్లో పిల్లలు ఎవరూ రాలేదు, రమ్మనడానికి నాకూ ధైర్యం లేదు, ఆదాయం చూస్తే.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది "పాతదిలా కనిపించాలి, గోడకు తగిలిస్తాం" అంటారు. పదును పెట్టొద్దంటారు. వాళ్లు డబ్బు ఇస్తారు, మేం చేస్తాం. కానీ పదును అక్కర్లేని కత్తి చేసిన రోజు మా నాయన అన్నం సరిగ్గా తినడు. వాడుకునేవాళ్లు వచ్చి, ఓ వారం ఆగగలిగితే, మిషన్ కత్తి ధరకు కాస్త అటూ ఇటూగా చేసిస్తాం.

పాకాల జంక్షన్:

అన్నా, మీరు చెప్పింది విన్నాక ఇనుము వరకు నేను మీవైపే. ఎవరూ కొత్తగా చేయనివాటి సంగతేంటి? ధాన్యం కొలిచే పడి, అరపడి, సోల ఉన్నాయి. 1960ల్లో మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయ్యాక వాటిని చేయించేవాడే లేడు. పాత పడి నేను కొన్నాను, మళ్లీ కొంటాను. దాంట్లో ఎవరూ పులుసు కాయరు, మాటు భయం లేదు.

స్వర్ణముఖి, తిరుపతి:

కొలతపాత్రలు కొనండి, దాచండి, దానికి నా అడ్డు లేదు. పొయ్యి మీదికి, నోట్లోకి వెళ్లేవాటి గురించే నా పట్టుదల.

గుంతపొంగణం, చిత్తూరు:

సరే, నేను చిన్న రోలు కొత్తదే చేయిస్తాను. కుప్పం వైపు రాతిపని చేసేవాళ్లు ఉన్నారు కదా. వాళ్లకు ఏం చెప్పాలి? ఇంతకుముందు బంధువులింట్లో కొత్త రోలు తెస్తే నెల రోజులు పచ్చడిలో ఇసుక తగిలింది.

స్వర్ణముఖి, తిరుపతి:

పాలిష్ పెట్టొద్దని ముందే చెప్పండి. చాలామంది మెరుపు కోసం గుంత లోపల కూడా నున్నగా చేసి ఇస్తున్నారు, అందులో చెనిగ్గింజలు నలగవు, తిరుగుతాయి. గుంత లోపల సన్నగా కక్కు ఉండాలి. గుంత వెడల్పు కంటే లోతు కాస్త ఎక్కువైతే మిరపగింజలు బయటికి ఎగరవు. ఇంటికి తెచ్చాక ముందు ఊక వేసి నూరి పారేయండి, తర్వాత నానబెట్టిన నూకలు. నూరిన పిండిని నీళ్లలో కలిపి గిన్నె అడుగున వేలితో తడమండి. ఇసుక తగలకుండా పోయేవరకు అలాగే చేసి, ఆ తర్వాతే ఉప్పూ మిరపకాయా వేయండి. పప్పుగుత్తికి కొలత కావాలంటే మీ చట్టి అడుగు వెడల్పు రాసి పంపండి, నాకు తెలిసిన వడ్రంగి ఒకాయన ఉన్నారు, అడిగి చెబుతాను.