97.2 పర్సంటైల్, ఓబీసీ, గుంటూరు అమ్మాయి, ఇంటర్ హైదరాబాద్‌లో: వరంగల్ ఎన్ఐటీకి ఛాన్స్ ఉందా?

ఎంపీసీ_సెకండియర్:

అందరికీ నమస్కారం. జనవరి జేఈఈ మెయిన్‌లో 97.2 పర్సంటైల్ వచ్చింది. ఆరు నుంచి పది దాకా గుంటూరులో చదివాను, ఇంటర్ హైదరాబాద్‌లో. ఫస్టియర్‌లో 470కి 452. మాది బీసీ-డి, అప్లికేషన్‌లో ఓబీసీ-ఎన్‌సీఎల్ (క్రీమీలేయర్‌లోకి రాని ఓబీసీ) అని పెట్టాను. నాన్నగారిది వ్యవసాయం, ఒక ఎరువుల కొట్టు కూడా ఉంది. సీఎస్‌ఈ కావాలి, లేకపోతే ఈసీఈ. ఆంధ్రా అమ్మాయివి కాబట్టి వరంగల్‌లో హోమ్ స్టేట్ కోటా రాదని కొందరు, వస్తుందని కొందరు అంటున్నారు. ఏప్రిల్ సెషన్ రాయడం అవసరమా, ఇంటర్ మీద పడితే చాలా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

మ్యాథ్స్_లెక్చరర్:

అమ్మా, ముందు హోమ్ స్టేట్ సంగతి. ఎన్ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో పుట్టిన ఊరు, ఆధార్ అడ్రసు చూడరు, ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యావన్నదే చూస్తారు. కాబట్టి నువ్వు తెలంగాణ కిందికి వస్తావు. వరంగల్‌లో సగం సీట్లు హోమ్ స్టేట్‌వి, వాటికి నువ్వు అర్హురాలివే. తాడేపల్లిగూడెం ఎన్ఐటీ మీ ఊరికి దగ్గరే అయినా అక్కడ మాత్రం అదర్ స్టేట్ (బయటి రాష్ట్రాలవాళ్ల) వరుసలో ఉంటావు. శ్రీసిటీ, కర్నూలు లాంటి జోసా ట్రిపుల్ ఐటీలకు హోమ్ స్టేట్ కోటా లేదు, దేశమంతా ఒకే వరుస.

ఇక ర్యాంకు. 2025లో రెండు సెషన్లూ కలిపి పరీక్ష రాసినవాళ్లు దాదాపు 14.75 లక్షల మంది. 100లోంచి 97.2 తీసేస్తే 2.8. 14.75 లక్షల్లో 2.8 శాతం అంటే 41,300. అసలు ర్యాంకు దీనికంటే కాస్త వెనకే వస్తుంది, ఎందుకంటే రెండు సెషన్లలో ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు కాబట్టి ఏప్రిల్‌లో మెరుగుపడినవాళ్లు నిన్ను దాటిపోతారు. ర్యాంకులు ఇచ్చేది కూడా ఏప్రిల్ సెషన్ తర్వాతే, ఇప్పుడు స్కోర్‌కార్డులో ఉండేది పర్సంటైల్ ఒక్కటే.

ఎక్కువమంది పొరపాటు పడేది దీని తర్వాతే. జోసా సైట్‌లో ఓబీసీ వరుసలో కనిపించే క్లోజింగ్ ర్యాంకు (సీటు దొరికిన చివరి ర్యాంకు) ఓబీసీ కేటగిరీ ర్యాంకు, అందరినీ కలిపి ఇచ్చే కామన్ ర్యాంకు కాదు. నీ 41 వేలను దాని పక్కన పెట్టి "రాదులే" అనుకుంటే లెక్క తప్పినట్టే. ఓబీసీ ర్యాంకు కామన్ ర్యాంకులో సుమారు మూడో వంతు ఉంటుంది, అంటే నీది 12 నుంచి 14 వేల మధ్య పడొచ్చు. పైగా నువ్వు అమ్మాయివి, ఫిమేల్ ఓన్లీ అనే వరుస వేరే ఉంటుంది. అక్కడ సీట్లు సాధారణంగా ఇంకాస్త దూరం ర్యాంకుల దాకా వెళ్తాయి. కాబట్టి వరంగల్ అని ఎంచుకుని, హెచ్ఎస్ (హోమ్ స్టేట్), ఓబీసీ-ఎన్‌సీఎల్, ఫిమేల్ ఓన్లీ, ఈ మూడూ కలిసిన వరుస ఒక్కటే చూడు. చివరి రౌండ్ అంకె చూడు, మొదటి రౌండ్‌ది కాదు. ఒక్క ఏడాది కాదు, మూడేళ్లవి రాసుకో.

ఉన్నమాట చెప్పాలంటే ఈ స్కోరుతో వరంగల్‌లో సీఎస్‌ఈ రాదు, ఈసీఈ కూడా ఆశించొద్దు. సివిల్, మెటలర్జీ, బయోటెక్ లాంటివి ఆ వరుసలో పోల్చి చూడొచ్చు. సీఎస్‌ఈ, ఈసీఈలే కావాలంటే శ్రీసిటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీలు, కొత్త ఎన్ఐటీల అదర్ స్టేట్ వరుసలు తియ్యి.

ఏప్రిల్ తప్పకుండా రాయి. స్కోరు తగ్గినా జనవరిది అలాగే ఉంటుంది, పోయేదేమీ లేదు. ఒక్క పర్సంటైల్ పెరిగితే 14,750 ర్యాంకులు ముందుకు వస్తావు. 97.2 నుంచి 99కి చేరితే దాదాపు 41 వేల నుంచి 15 వేల దగ్గరికి. అక్కడ నీ ముందుండే కాలేజీలే వేరు. ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి అర్హత గురించి దిగులొద్దు, 2025లో ఓబీసీ కటాఫ్ 79.43 పర్సంటైల్.

కౌన్సెలింగ్_కబుర్లు:

సార్ చెప్పిన ఓబీసీ లెక్కంతా సర్టిఫికెట్ చేతిలో ఉంటేనే. రాష్ట్రంలో బీసీ-డి అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. మీ కులం పేరు కేంద్ర ఓబీసీ జాబితాలో, ఆంధ్రప్రదేశ్ కింద ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి. స్పెల్లింగ్ తేడా ఉన్నా వెరిఫికేషన్‌లో క్వెరీ పెడతారు.

సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో ఉండాలి, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. చాలామంది మార్చిలోనే తీసేసుకుని నిశ్చింతగా ఉంటారు, జూన్‌లో అది చెల్లదంటారు. రాష్ట్ర కులధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ చేసినా అంతే. అప్పుడు సీటు రద్దయి, ఓపెన్ (రిజర్వేషన్ లేని) వరుసలో 41 వేల ర్యాంకుతో మిగిలిపోతారు. తహశీల్దారు ఆఫీసులో సంతకం పడేదాకా వారం పట్టొచ్చు, రెండు వారాలూ పట్టొచ్చు. ఏప్రిల్ మొదటి వారంలోనే అప్లై చేసేయండి.

కొట్టు ఉందని భయపడొద్దు. క్రీమీలేయర్ (ఓబీసీ రిజర్వేషన్ వర్తించని సంపన్న వర్గం) ఆదాయం లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. కొట్టు మీద వచ్చేది వరుసగా మూడేళ్లు 8 లక్షలు దాటితేనే ఇబ్బంది.

ఎంపీసీ_సెకండియర్:

చాలా థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ అండీ. ఎన్ఐటీకి తెలంగాణ అయితే ఎంసెట్ కూడా తెలంగాణదే రాయాలా? ఆప్షన్లు పెట్టేటప్పుడు రాని కాలేజీలు పైన పెడితే కింద వచ్చేవి పోతాయని విన్నాను, నిజమేనా?

ఆప్షన్స్_అన్న:

ఎంసెట్‌కి లెక్క తలకిందులవుతుంది తల్లీ. స్థానికత ఇంటర్ ఒక్కదాన్ని బట్టి తేలదు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఒకేచోట చదివితే అక్కడ లోకల్. నీకు తొమ్మిది, పది గుంటూరు, ఇంటర్ హైదరాబాద్, కాబట్టి ఆ నాలుగేళ్లు కుదరవు. అప్పుడు ఏడేళ్లు చూస్తారు, అందులో ఐదు గుంటూరు. ఆ లెక్కన ఏపీ లోకల్ అవుతావో లేదో ఆ ఏడాది ఏపీ నిబంధనల్లో సరిచూసుకో. తెలంగాణలో ఇదివరకు అన్‌రిజర్వ్‌డ్‌గా ఉన్న 15 శాతం సీట్లు కూడా 2025 నుంచి తెలంగాణవాళ్లకే. నీ బలం పెట్టాల్సింది ఏపీ ఈఏపీసెట్ (ఎంసెట్‌కి ఇప్పటి పేరు) మీద. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకో, వేసవి సెలవుల్లో స్కూల్ ఆఫీసు తెరిచి ఉండకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన తేడా. తెలంగాణలో ఇంటర్ వెయిటేజీ (ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కుల వాటా) తీసేశారు, ఏపీలో 25 శాతం ఉంది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రాక్టికల్స్ కలిపి 600కి 570 వస్తే 25కి 23.75 చేతికొచ్చినట్టే. ఇంగ్లిష్, సంస్కృతం మార్కులు ఇందులోకి రావు. అందుకే ఇంటర్ పరీక్షల్ని తేలిగ్గా తీసుకోకు. పరీక్షలో 160 ప్రశ్నలు, నెగటివ్ లేదు, ఒక్కటి కూడా ఖాళీ వదలకు.

ఆప్షన్ల గురించి విన్నది తప్పు. జోసా సాఫ్ట్‌వేర్ నీ జాబితా పైనుంచి కిందికి చూస్తూ, నీ ర్యాంకుకి అందే మొదటి సీటు ఇస్తుంది. పైన వరంగల్ సీఎస్‌ఈ పెట్టినందుకు కింద శ్రీసిటీ ఈసీఈ పోదు. నష్టం జరిగేది వరుస తారుమారైనప్పుడు. వస్తుందనుకున్నది పైన పెట్టి, నిజంగా ఇష్టమైనది కింద పెడితే, ఇష్టమైనది అందే ర్యాంకే ఉన్నా నీకు ఇవ్వరు.

సీటొచ్చాక మూడు దారులు. ఫ్రీజ్ అంటే ఇది చాలు. స్లైడ్ అంటే అదే కాలేజీలో పై బ్రాంచి వస్తే మారతాను. ఫ్లోట్ అంటే జాబితాలో దీనికి పైనున్న ఏదొచ్చినా మారతాను. ఫ్లోట్‌లో పై సీటు వస్తే పాతది ఆటోమేటిగ్గా పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు. కాబట్టి ఇంటినుంచి పంపడానికి ఒప్పుకోని దూరపు కాలేజీ జాబితాలో పైన ఉండకూడదు. అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో లైను చదివి లాక్ చెయ్యి. ఫీజు కట్టడం, డాక్యుమెంట్ అప్‌లోడ్, క్వెరీకి జవాబు, వీటిలో ఏది గడువు దాటినా సీటు పోతుంది. జూన్, జూలైల్లో రోజూ ఉదయం, సాయంత్రం లాగిన్ అయి చూసుకో, మెసేజ్ వస్తుందిలే అని కూర్చోకు.