దూరం నుంచి రోబోతో స్కాన్: చెయ్యి తగలకుండా పొట్ట స్కాన్ చేయొచ్చా?

దూరతీరం: డాక్టర్ ఒక చోట, పేషెంట్ ఇంకో చోట. పేషెంట్ పక్కనున్న సహాయకుడు రోబో చట్రాన్ని పొట్ట మీద ఆనించి పట్టుకుంటాడు. ప్రోబ్ అంటే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో ఒంటికి ఆనించే పరికరం. అవతల డాక్టర్ ఉత్తుత్తి ప్రోబ్‌ను ఎటు తిప్పితే, ఇవతల అసలు ప్రోబ్ అటు తిరుగుతుంది. ఫ్రాన్స్‌లో తయారైన మెలడీ అనే రోబో ఇలాగే పనిచేస్తుంది. కెనడాలోని సస్కాచివాన్ ఉత్తరాన, లా లోష్‌లో 2020 కరోనా రోజుల్లో గర్భిణులకు ఈ పద్ధతిలోనే స్కాన్లు చేశారు. స్కాన్ చేసేవాళ్లు లేని ప్రతి చోటా ఇది పెట్టాలి. మీరేమంటారు?

ప్రోబ్‌చెయ్యి: పద్దెనిమిదేళ్లుగా స్కాన్లు చేస్తున్నాను. ఒప్పుకోను. కాలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమో తెలియాలంటే ప్రోబ్‌తో నొక్కాలి. సిర పూర్తిగా అణిగిపోతే అక్కడ గడ్డ లేనట్టు. పిత్తాశయం మీద నొక్కినప్పుడు పేషెంట్ విలవిలలాడితే అదీ ఒక లక్షణమే. ఎంత నొక్కానో నా మణికట్టుకు తెలుస్తుంది. రోబో దగ్గర నా మణికట్టు ఉండదు.

చిన్నమాట: మధ్యలో నెట్ పోతే?

దూరతీరం: 2001లో జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని స్ట్రాస్‌బోర్గ్‌లో ఉన్న పేషెంట్ పిత్తాశయం తీశారు. సిగ్నల్ ఆలస్యం సుమారు 155 మిల్లీసెకన్లు. ఆపరేషనే చేయగలిగినప్పుడు స్కాన్ ఎంత?

ప్రోబ్‌చెయ్యి: దానికి ప్రత్యేక ఫైబర్ లైన్ వాడారు, పేషెంట్ పక్కన సర్జన్లు ఉన్నారు. అయినా ఆలస్యం గురించి నేను అడగలేదు. నొక్కడం గురించి అడిగాను.

దూరతీరం: గర్భం ఎన్ని వారాలో తేల్చడానికి శిశువు తల, తొడ ఎముక కొలతలు తీస్తారు. దానికి సిర నొక్కే పనేముంది? అన్నిటికీ ఆ ఒక్క మాటేనా?

నాలుగోవరస: మా ఆవిడ సోనోగ్రాఫర్, అంటే ఇలా స్కాన్లు చేసే ఉద్యోగి. భుజం నొప్పితో ఉద్యోగం మానేసింది. ఈ వృత్తిలో 80 శాతానికి పైగా నొప్పులతోనే పని చేస్తున్నారని సర్వేలు చెబుతున్నాయి. ఉత్తుత్తి ప్రోబ్ తిప్పడానికి అంత బలం అక్కర్లేదు కదండీ.

ప్రోబ్‌చెయ్యి: నా భుజమూ పోయింది. ఇంకో మనిషిని వేసి, ఒక్కొక్కరి మీద పడే స్కాన్లు తగ్గించమని అడుగుతూనే ఉన్నాను.

దూరతీరం: ఉద్యోగం పోతుందనే మీ భయం. సూటిగా చెప్పొచ్చుగా.

ప్రోబ్‌చెయ్యి: భయమే. ఎందుకో వినండి. మా దగ్గర స్కాన్ ఫిల్ములు దూరం నుంచి చదివే ఏర్పాటు వచ్చాక రేడియాలజిస్టు పోస్టు ఖాళీ అయితే మళ్లీ నింపలేదు. రోబో వస్తే నా కుర్చీ సంగతీ అంతే. ఓసారి బిడ్డ గుండె ఆగిపోయి కనిపించింది. నేను నోరు తెరవకముందే ఆ తల్లి నా మొహం చూసి గ్రహించింది. ప్రోబ్ పక్కన పెట్టి చెయ్యి పట్టుకున్నాను. స్క్రీన్‌లో ఉన్న మనిషి ఆ సమయంలో ఏం చేస్తాడు?

దూరతీరం: మా అక్కకు చెయ్యి పట్టుకునే మనిషే లేడండీ. రెండో నెల, విపరీతమైన కడుపునొప్పి. స్కాన్ చేసే ఆయన వారానికి ఒకరోజే వస్తారని వేరే చోటికి పంపారు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉందని, అది పగిలి లోపల రక్తం నిండుతోందని దారిలో ఎవరికీ తెలియదు. ప్రాణం దక్కింది, ట్యూబు పోయింది. మనిషిని వేస్తామని ఆ ఆసుపత్రి ఇప్పటికీ చెబుతూనే ఉంది.

చిన్నమాట: అయ్యో.

ప్రోబ్‌చెయ్యి: ట్యూబులో గర్భాన్ని సరిగ్గా చూడాలంటే లోపలి నుంచి చేసే స్కాన్ కావాలి, పొట్ట మీద పెట్టే రోబోకు అది కుదరదు. కానీ అంత రక్తం పేరుకుంటే పొట్ట మీద నుంచే కనిపించేది. అక్కడ నేను మీతో వాదించను. మనిషి పోస్టు రద్దు చేయబోమని రాసిస్తే రోబో పెట్టండి.

దూరతీరం: రాసివ్వకపోతే?

ప్రోబ్‌చెయ్యి: వద్దు.

దూరతీరం: అయితే రాసిచ్చేదాకా మా అక్కలాంటి వాళ్లు ఎక్కడికి వెళ్లాలో కూడా మీరే చెప్పండి.