వన్నాబీలో విక్టోరియాకి ఒక్క లైన్ కూడా ఎందుకు లేదు?

పాటలపిచ్చి:
చిన్న డౌటు, నవ్వొద్దు. స్పైస్ గర్ల్స్ అని ఐదుగురు అమ్మాయిల బ్రిటిష్ పాప్ గ్రూపు ఉంది కదా, వాళ్ల వన్నాబీ పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు, కానీ నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరు ఏ లైన్ పాడుతున్నారో పట్టుకుందామని కూర్చుంటే మెల్ బీ దొరికింది, జెరీ దొరికింది, ఎమ్మా, మెల్ సీ కూడా దొరికారు, విక్టోరియా మాత్రం విడిగా ఎక్కడా వినపడట్లేదు. వీడియోలో ఐదుగురూ సమానంగానే తిరుగుతున్నారు కదా మరి. నా చెవులే బాలేవా, లేక నిజంగానే ఆమెకి ఏమీ ఇవ్వలేదా? గొంతు బాలేదని పక్కన పెట్టేశారని ఒకళ్లు అన్నారు, నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

క్యాసెట్‌కాలం:
మీ చెవులు బానే ఉన్నాయండి. సోలో లైన్ లేదు, కోరస్‌లోనూ వెనక గొంతుల్లోనూ మాత్రమే ఉంటుంది. గొంతు సంగతి కాదు, ఆ రోజు ఆవిడ అక్కడ లేదు, అంతే. 1995 చివర్లో లండన్ షోర్‌డిచ్‌లో స్ట్రాంగ్‌రూమ్ అనే స్టూడియోలో రిచర్డ్ స్టానర్డ్, మ్యాట్ రో అనే ఇద్దరు పాటల రచయితలతో కూర్చుని ఈ పాట కట్టారు, కట్టారు అనడం కూడా ఎక్కువే, గంట కూడా పట్టలేదట, అప్పటికే వాళ్ల దగ్గరున్న ముక్కలన్నీ పోగేసి ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ లాగించేశారు. ఉన్న నలుగురూ లైన్లు పంచేసుకున్నారు. విక్టోరియాకి ఫోన్ చేసి వినిపిస్తుంటే ఇది బాగుంది, అది అంత బాలేదు అని చెప్పడమే ఆవిడ వంతు అయింది, అది ఎంత బాధేసిందో తర్వాత తన ఆత్మకథలో రాసుకుంది కూడా. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి, పాట రాసినవాళ్ల పేర్లలో ఐదుగురూ ఉంటారు. ఎవరు ఎంత రాశారు అని తూకం వేసుకోకుండా సమానంగా పంచుకోవాలని వాళ్లలో వాళ్లకి ముందే ఒప్పందం.

బేస్‌గిటార్‌బాబు:
పైన చెప్పింది కరెక్టే, కానీ ఒక మాట. రాసిన రోజు లేదు సరే, తర్వాత పిలిచి రెండు లైన్లు పాడించొచ్చు కదా, ఎవరు ఆపారు? నా లెక్కలో ఆ తొందరే పాటకి ప్రాణం, దాన్ని మళ్లీ కెలికితే పాడైపోయేది. ఎందుకంటున్నానంటే, కెలికి చూశారు కూడా. రికార్డు కంపెనీ వర్జిన్ వాళ్లకి ఇది మొదటి సింగిల్‌గా, అంటే విడిగా ముందు రిలీజ్ చేసే పాటగా, అస్సలు నచ్చలేదు, అమెరికాలో డేవ్ వే అనే ఆయనకి ఇచ్చి ఆర్ అండ్ బీ అనే అమెరికన్ స్టైల్ వైపు లాగి మిక్స్ చేయించారు (గొంతులు, వాయిద్యాలు కలిపి కూర్చడం), అది గ్రూపుకి నచ్చలేదు. చివరికి స్పైక్ స్టెంట్ అనే సౌండ్ ఇంజనీర్ మిక్స్ చేసిందే మనం వినేది. మేనేజర్ సైమన్ ఫుల్లర్‌తో సహా అందరూ సే యూల్ బీ దేర్ అనే వాళ్ల ఇంకో పాట ముందు వేద్దాం, అది స్టైల్‌గా ఉంది అంటే మెల్ బీ, జెరీ ససేమిరా అన్నారు. 1996 జులైలో బ్రిటన్‌లో వచ్చింది, చార్టులో 3లో దిగి తర్వాత వారం 1కి ఎక్కి 7 వారాలు అక్కడే కూర్చుంది. అమెరికాలో 1997 జనవరిలో 11తో మొదలై ఫిబ్రవరిలో 1, అక్కడ 4 వారాలు. అనుభవం ఉన్న పెద్దాళ్ల అంచనా అలా తేలిపోయింది మరి.

తాళంతప్పినవాడు:
అందరూ తిట్టుకోండి గానీ పాటగా చూస్తే అందులో ఏముంది గురూ? ర్యాపా అంటే ర్యాప్ కాదు, పాటా అంటే పాట కాదు, మధ్యలో అర్థం లేని మాట ఒకటి, మూడు నిమిషాలు కూడా లేదు. కానీ ఒకటి ఒప్పుకుంటా, ఎక్కడ వినపడినా మొదటి సెకన్లోనే తెలిసిపోతుంది. 2014లో మాంచెస్టర్ సైన్స్ మ్యూజియం వాళ్లు ఆన్‌లైన్‌లో పాట గుర్తుపట్టే ఆట ఒకటి పెడితే అందరికంటే తొందరగా దొరికిన పాట ఇదే, సగటున 2.29 సెకన్లు. అసలు మొదట్లో ఆ టపటపమనే చప్పుడు ఏంటి?

క్యాసెట్‌కాలం:
అది మెల్ బీ మైక్ దగ్గరికి పరిగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు, తర్వాత నవ్వు. మామూలుగా అయితే కోసి పారేస్తారు, వీళ్లు ఉంచేశారు. మీకు 2 సెకన్లలో తెలిసిపోతోంది అంటే మరి ఆ చెప్పుల పుణ్యమే కదా, ఇందాక ఏముంది అన్నారు!

రీల్‌పెట్టె:
వీడియో గురించి ఎవరూ అనట్లేదేంటి. 1996 ఏప్రిల్‌లో లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌ని ఆనుకుని ఉన్న పాత మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్లో రాత్రిపూట తీశారు, అప్పుడది ఖాళీగా పడున్న బిల్డింగు, 2011లో మళ్లీ హోటల్‌గా తెరిచారు. డైరెక్టర్ యోహాన్ కామిట్జ్. మొత్తం ఒకే షాట్‌లా ఉండాలని కెమెరా వీళ్ల వెంట మెట్లమీదా హాల్లోనూ పరుగెడుతుంది, చలికి వణుకుతూ రాత్రంతా అదే మళ్లీ మళ్లీ చేశారు. వర్జిన్ వాళ్లకి ఇదీ నచ్చలేదు, మరీ చీకటిగా ఉందట 😄 పాటలో లైన్ లేకపోయినా ఈ వీడియోలో ఆ నల్ల డ్రెస్సుతో విక్టోరియా గుర్తుండిపోయింది. విక్టోరియాకి పోష్ అన్న ముద్దు పేరు ఇంకా పెట్టలేదు అప్పటికి, ఐదుగురి ముద్దు పేర్లూ తర్వాత టాప్ ఆఫ్ ది పాప్స్ మ్యాగజైన్ వాళ్లు పెట్టినవి.

పాటలపిచ్చి:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా ఆ అడుగుల చప్పుడు చెప్పినందుకు, ఇన్నేళ్లూ అది ఏదో డ్రమ్ము అనుకున్నా. పొద్దున్నించి కోరస్‌లో విక్టోరియా గొంతు ఏదో పట్టుకోవాలని వెనక్కి తిప్పి తిప్పి వింటున్నా, ఇంకా దొరకలేదు. ఇంట్లోవాళ్లు ఇక ఆపమంటున్నారు. హెడ్‌ఫోన్స్‌లోనే కదా వింటోంది అంటే, నువ్వు పాడేది ఆపు అంటున్నారు.