ఈ వారం సమస్య: ఇనుఁడు చేరువ యైనంత హెచ్చె వణఁకు

నిర్వాహకుడు: పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయటికెళ్తే వేళ్ళు కొంకర్లు పోయాయి. జనవరి మొదటివారంలోనే భూమి సూర్యుడికి అతి దగ్గరగా, 14.71 కోట్ల కిలోమీటర్లలో ఉంటుందని అప్పుడే గుర్తొచ్చింది. ఆ కచ్చతో ఇచ్చిన పాదమిది; ఇనుఁడంటే సూర్యుడు. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

శాస్త్రిగారబ్బాయి:
ఇరుసు వాలిన పుడమిపై నీ ధనువున
నేటవాలుగ సోఁకెడి యెండ పలుచ;
పగలు కుఱుచయై రేయియే బారు సాఁగె;
ఇనుఁడు చేరువ యైనంత హెచ్చె వణఁకు!
జులైకన్నా 50 లక్షల కిలోమీటర్లు దగ్గరే. అయినా ఈ ధనువులో, అంటే ధనుర్మాసంలో, పెత్తనం భూమి ఇరుసుకున్న 23.5 డిగ్రీల వాలుది.

పాతపంచె: పాఠం బాగుంది మాస్టారూ, పద్యమేదీ? పైగా "సాఁగె ఇనుఁడు" విసంధి, సంధి కలపకుండా వదిలేశారు. పోయినవారం నా ముగ్గు పద్యంలో అరసున్న లేదని మూడు కామెంట్లు పెట్టింది మీరేగా!

శాస్త్రిగారబ్బాయి: ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదని వదిలాను. మీ ముగ్గులో పోయింది అరసున్న కాదు, యతి, అంటే పాదంలో కుదరాల్సిన అక్షరమైత్రి.

గొబ్బెమ్మ:
లంబసింగిలోఁ బూరిల్లు, లావు మంచు;
చాప యొక్కటి; దుప్పటి జంట కొకటి;
లాగె దుప్పటి నంతయు లాఘవముగ
నినుఁడు, చేరువ యైనంత హెచ్చె వణఁకు!
ఇనుఁడంటే ప్రభువు కూడా కదా. మబ్బులేని రాత్రి నేలలో వేడంతా ఆకాశంవైపు పోతుంది, ఉన్న ఒక్క దుప్పటి మావారివైపు పోతుంది.

నిర్వాహకుడు: "ఇనుఁడు" దగ్గర విరిచారు చూడండి, అక్కడ పడిపోయాను!

పాతపంచె: చూశారా మాస్టారూ, అక్కయ్యగారు "నినుఁడు" అన్నారు, సమస్య అరిగిపోలేదు. నాకు మొదటి పాదం కుదిరింది, మిగతావి రాత్రికి:
మాఘమాసమున మాకులు మఱి వడంక

శాస్త్రిగారబ్బాయి: అదీ కుదరలేదు. "మాసము" దగ్గర గణం, అంటే గురులఘువుల కొలత, అయిపోయింది, "న" చలిలో బయట నిలబడింది. మా నాయనమ్మ "మాఘమాసాన మాకులు వణుకుతాయి" అనేది. ఛందస్సు చదవని మనిషి, గణం తప్పలేదు. అన్నట్టు, మాఘానికి ఇనుఁడు దూరం జరుగుతుంటాడు. మీ చెట్లు వణికినా సమస్య తీరదు.

మెల్బోర్న్ మావయ్య: మాకిక్కడ ఇనుఁడు చేరువైతే చెమటలు. భోగిమంట వేస్తే ఫైరింజను వస్తుంది. ఈ పాదం మాకు చెల్లదు.

పాతపంచె: "మాసాన" అని దిద్దుకున్నాను. నాయనమ్మగారికి నమస్కారాలు, మనవడికి కాదు.

గొబ్బెమ్మ: ఇంత కొట్టుకున్నారు, ఆ "మఱి" ఊతపదమని ఒక్కరూ అనరేం?