లండన్ నుంచి పాత ఆవిరి రైళ్ల కోసం ఒక రోజు: సలహా కావాలి

నమస్కారం. ఈ మధ్యనే ఉద్యోగరీత్యా లండన్‌కు వచ్చాము. పాత ఆవిరి రైళ్లలో పిల్లలతో ఒక రోజంతా గడపాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలో, ముందుగా ఏమేమి చూసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1

నమస్కారమండీ. లండన్‌లో ఉన్నవారు మొదటిసారి ససెక్స్‌లో పాత ఆవిరి రైళ్లు నడిపే బ్లూబెల్ రైల్వేకు వెళ్లడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కారు అవసరం లేదు. లండన్‌లోని విక్టోరియా స్టేషన్‌లో మామూలు రైలెక్కి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో దిగితే, బ్లూబెల్ ప్లాట్‌ఫామ్ పక్కనే ఉంటుంది. అక్కడి నుంచి షెఫీల్డ్ పార్క్ వరకు 11 మైళ్లు. ఆవిరి రైళ్లు ఏడాది పొడవునా ప్రతిరోజూ నడవవు, కొన్ని రోజులు డీజిల్ ఇంజన్లు కూడా నడుస్తాయి. కాబట్టి ఆ రోజు టైమ్‌టేబుల్ చూసుకున్న తరువాతే టికెట్ కొనండి.

చాలామంది ఆ చివరిదాకా వెళ్లి, అదే రైలులో తిరిగి వచ్చి, అంతటితో చూడడం అయిపోయిందనుకుంటారు. దయచేసి అలా చేయకండి. రోజంతా ఎక్కి దిగే వీలున్న టికెట్ అయితే, మధ్యలోని హార్‌స్టెడ్ కీన్స్‌లో తప్పకుండా దిగి, తరువాతి రైలు వచ్చేవరకు ఉండండి. ఒక్కొక్క స్టేషన్‌ను ఒక్కొక్క కాలానికి తగినట్టు తీర్చిదిద్దారు: షెఫీల్డ్ పార్క్ విక్టోరియా రాణి నాటిది, హార్‌స్టెడ్ కీన్స్ 1930ల నాటిది, కింగ్స్‌కోట్ 1950ల నాటిది. ఇంజన్ల షెడ్డు షెఫీల్డ్ పార్క్‌లో ఉంది. బండి చివరి స్టేషన్ చేరగానే పిల్లలను ముందువైపుకు తీసుకువెళ్లండి. ఇంజన్‌ను బోగీల నుంచి విడదీసి, పక్క పట్టాల మీదుగా నడిపి, రెండో చివర తగిలించడం దగ్గరగా చూడవచ్చు. రైలులో కూర్చున్నదానికన్నా ఆ పది నిమిషాలే పిల్లలకు ఎక్కువగా గుర్తుంటాయి.

ఈ దారి ఎలా బతికి బయటపడిందో పిల్లలకు ముందే చెబితే ప్రయాణం ఇంకా బాగుంటుంది. 1882లో మొదలైన ఈ మార్గాన్ని 1958లో మూసివేయగా, అభిమానులు కూడి 1960లో ఒక భాగాన్ని తిరిగి నడిపించారు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దగ్గర రైలు కోసం నేలను లోతుగా తవ్విన చోటును, మార్గం మూతపడిన తరువాత ఊరి చెత్తతో నింపేశారు. ఆ చెత్తను ఏళ్ల తరబడి తోడి, అందులో చాలా భాగాన్ని రైళ్లలోనే తరలించి, 2013లో మళ్లీ ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ వరకు పట్టాలు కలిపారు. మీ టికెట్ చూసేవారు, సిగ్నల్ వేసేవారు, ఇంజన్‌లో బొగ్గు వేసేవారు చాలావరకు జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకులే. ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి, వారు ఎంతో ఓపికగా వివరిస్తారు.

పాత బోగీల తలుపులకు కిటికీ దించి, బయటివైపు ఉన్న పిడిని తిప్పవలసిన రకం తాళాలు ఉంటాయి. బండి పూర్తిగా ఆగేవరకు పిల్లలను తలుపు దగ్గరకు వెళ్లనీయవద్దు, తల బయట పెట్టనీయవద్దు. ఇంజన్ వెనుక బోగీలో కిటికీ తెరిస్తే బొగ్గు నలుసులు కంట్లో పడతాయి. తెల్లని బట్టలు వద్దు.

జవాబు 2

పై సలహాకు ఒక్క మాట చేరుస్తాను. ఇటువంటి రైల్వేల టికెట్ కొనేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ అనే గడి కనిపించవచ్చు. దానిలో టిక్కు పెడితే, మీరిచ్చిన ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి మరో 25 పెన్స్ ఆ సంస్థకు అందుతుంది. అయితే ఆ సంవత్సరం మీరు ఈ దేశంలో కనీసం అంత పన్ను కట్టి ఉండాలి, లేకపోతే తేడా మీరే చెల్లించవలసి వస్తుంది. జీతం మీద పన్ను కడుతున్నవారు నిశ్చింతగా టిక్కు పెట్టవచ్చు. ఇంకా సంపాదన మొదలుకాని కుటుంబ సభ్యుల పేరు మీద కొంటే ఖాళీగా వదిలేయండి. చక్రాల కుర్చీ అవసరమైన పెద్దలు మీతో వస్తుంటే, అందుకు అనువైన బోగీ ఆ రోజు ఉంటుందో లేదో ముందుగానే ఫోన్ చేసి కనుక్కోండి.