‘ఎటూ తేల్చుకోలేకపోవడం’ ఇంగ్లీషులో ఏమంటారు?

ప్రశ్న:
మా చెల్లి పెళ్లి చీర. గద్వాలా, ఉప్పాడ జాందానీనా? రెండు గంటలుగా కొట్లో పరుపు మీదే ఉంది. గద్వాల భుజాన వేసుకుని అద్దం చూస్తుంది, మళ్లీ ఉప్పాడ చేతిలోకి తీసుకుని తేలిగ్గా ఉందంటుంది. కొట్టబ్బాయి మూడోసారి టీ తెప్పించాడు. డాలస్‌లో పుట్టి పెరిగిన మేనకోడలికి ఈ సంగతి చెబుతూ ‘బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్’ అని మెసేజ్ పెట్టా. ‘అత్తా, రెండూ అంత బాలేవా?’ అంది!

జవాబు 1:
అది ముందు నుయ్యి, వెనుక గొయ్యి అండీ. ఎటెళ్లినా దెబ్బే. మీకు కావలసింది ‘టోర్న్ బిట్వీన్’. బ్రిటిష్ వాళ్లు ‘ఇన్ టూ మైండ్స్’ అనీ, అమెరికన్లు ‘ఆఫ్ టూ మైండ్స్’ అనీ అంటారు.

జవాబు 2:
‘ఆన్ ద హార్న్స్ ఆఫ్ ఎ డిలెమా’ అనకూడదా?

జవాబు 1:
చీరలకు అంత మాట ఎందుకండీ! హార్న్స్ అంటే కొమ్ములు కదా, అందులో ఏ కొమ్మైనా గుచ్చుకునేదే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం లాంటి చోట బాగుంటుంది.

ప్రశ్న అడిగినామె:
‘టోర్న్’ అంటే చిరగడం కూడా కదండీ, చీర చిరిగిందనుకుంటుందేమో పిల్ల! ‘ఆఫ్ టూ మైండ్స్’ అనే పెట్టా. ఇంతకీ చెల్లి గద్వాల తీసుకుంది. ఉప్పాడ మా అమ్మ సంచీలోకి వెళ్లింది.