సమస్యాపూరణం: గోడ నడిచె నరుఁడు కూరుచుండె

దుర్ముఖి (2016) ఉగాది వెళ్ళి పక్షం దాటింది. హైదరాబాదులో పన్నెండు దాటితే రోడ్డు మీద మనిషి కనబడడం లేదు. ఈ ఎండల్లో మన పద్యమిత్రుల్లోని కుర్రవాళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే మాట మాట్లాడుకుంటున్నారు: మిర్రర్స్ ఎడ్జ్ కెటలిస్ట్ అనే వీడియో గేమ్ జూన్ 7న వస్తోందని. వాళ్ళ ఆత్రం చూసి పెద్దవాళ్ళం కూడా అదేమిటో అడిగి తెలుసుకున్నాం. అందులోంచే ఈ వారం సమస్య పుట్టింది.

*గోడ నడిచె నరుఁడు కూరుచుండె*

ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ వింత మాటకు అర్థం కుదర్చాలి. ఐదూ సూర్యగణాలే. గో-కూ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి, సమస్యలోనే ఉంది.

ఆట తెలియని వారికి నాలుగు ముక్కలు. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో డైస్ అనే సంస్థ 2008 నవంబరులో మిర్రర్స్ ఎడ్జ్ అనే ఆటను విడుదల చేసింది. ఫెయిత్ అనే అమ్మాయి తెల్లగా మెరిసే నగరంలో మేడల కప్పుల మీద పరుగెత్తుతుంది, గోడల మీద నాలుగడుగులు వేస్తుంది, ఈ మేడ నుంచి ఆ మేడకు దూకుతుంది. ఆమె మనకు కనబడదు. ఆమె కళ్ళతోనే మనం చూస్తాం. పరుగెత్తేటప్పుడు ఊగే చేతులు, దూకేటప్పుడు ముందుకొచ్చే కాళ్ళు, అంతే. ఆ దృశ్యం కళ్ళు తిప్పకుండా ఉండాలని తెర నడిమధ్య చిన్న చుక్క పెట్టారు. చూపు దాని మీద నిలిస్తే తల తిరగడం తగ్గుతుంది. ఇన్నేళ్ళకు ఇప్పుడు ఫెయిత్ కథను మళ్ళీ మొదటి నుంచి చెప్పబోతున్నారు.

పూరణ ఆట గురించే ఉండాలన్న నియమం లేదు. ఎదురుచూపు కనబడితే సంతోషం.

కూకట్‌పల్లి మిత్రుని పూరణ

చేతిలోన మీట చిన్నగ నొక్కంగ
నింగినంటు మేడ నేలకొరిగె
కనులు పరుగు తీయఁ గదలదు దేహము
గోడ నడిచె నరుఁడు కూరుచుండె

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. మూడో పాదం సమస్యకు తాళంచెవి. కనులు పరుగు తీస్తుంటే దేహం కదలదన్న తరువాత గోడ నడవడంలో వింతేమీ మిగలలేదు, అదే పూరణ చేయవలసిన పని. రెండో పాదం దగ్గర మాత్రం ఆగాను. నేలకొరగడం అంటే కూలిపోవడం, ప్రాణం పోవడం. ఆ నగరంలో మీరు చెప్పదలచినది అది కాదు కదా?

కూకట్‌పల్లి మిత్రుడు: కాదండీ. ఎత్తు నుంచి దూకి నేల తాకే ముందు క్షణంలో మీట నొక్కితే ఫెయిత్ దొర్లుతుంది. అప్పుడు తెరంతా గిర్రున తిరుగుతుంది. ఆకాశం కిందికి, మేడ పక్కకి. దాన్ని చెబుదామనుకున్నాను.

నిర్వాహకుడు: అయితే "నింగినంటు మేడ నేలఁ దాకె" అనండి. నింగిని అంటేది నేలను తాకిందంటే ఎదురెదురుగా నిలిచి అందం వస్తుంది, మేడా కూలదు.

సికింద్రాబాదు అవధాని గారి పూరణ

పులిని యెక్కి వచ్చెఁ బొగరుతోఁ జాంగుఁడు
నగుచు నెదురు వెళ్ళె నాథయోగి
తోడఁబుట్టు వారితోఁ గూడి కదలంగ
గోడ నడిచె నరుఁడు కూరుచుండె

నిర్వాహకుడు: చాంగదేవుడనే యోగి పులినెక్కి వస్తే, మరాఠీ సంతు జ్ఞానేశ్వరుడు తోబుట్టువులతో కూర్చున్న గోడనే నడిపించి ఎదురు వెళ్ళిన కథ. సమస్య చదవగానే సగం మందికి ఇదే తోచి ఉంటుంది. పద్యం ధార చక్కగా ఉంది. అంతటి యోగిని చివరికి నరుఁడు అనడం మాత్రం కొంచెం చిన్నబుచ్చినట్టుంది.

వనస్థలిపురం పెద్దాయన పూరణ

ఆట యనిన మునుపు హాయిగాఁ బరువిడఁ
జెమట పోసె నాఁడు చేలలోన
నేఁటి యాట చూడ నీడలోఁ దెర మీఁద
గోడ నడిచె నరుఁడు కూరుచుండె

కూకట్‌పల్లి మిత్రుడు: బాబాయ్ గారూ, పద్యం బాగుంది కానీ మమ్మల్ని తిట్టినట్టుంది.

వనస్థలిపురం పెద్దాయన: తిట్టలేదు నాయనా, బాధపడ్డాను. మా మనవడు వేసవి సెలవుల్లో ఇల్లు కదలడం లేదు.

నిర్వాహకుడు: ముందు పద్యం సంగతి. మొదటి పాదంలో "మునుపు" అన్నాక రెండో పాదంలో "నాఁడు" అక్కరలేదు, గణం నింపడానికి వచ్చి కూర్చుంది. "చెమట పోసె నొడలు చేలలోన" అంటే చెమట పట్టిన ఒళ్ళు కూడా కనబడుతుంది.

ఇక విషయం. పెద్దాయన బాధ నిజమే. అయితే ఈ ఆటకు మూలమైన పార్కూర్ నీడపట్టున పుట్టలేదు. ఎదురైన అడ్డంకిని ఒంటితోనే దాటాలన్న ఆలోచన ఫ్రాన్స్‌లో జార్జ్ ఎబేర్ అనే నౌకాదళ అధికారి నేర్పిన వ్యాయామంలో ఉంది. పారిస్ అగ్నిమాపక దళంలో పనిచేసిన రేమొఁ బెల్ దాన్ని తన ఒంటికి పట్టించుకున్నాడు. ఆయన కొడుకు డేవిడ్ బెల్ లిస్ అనే ఊళ్ళో స్నేహితులతో కలిసి గోడలు, మెట్లు, కమ్మీలు పట్టుకుని సాధన చేశాడు. 1997లో వాళ్ళు యమకాసి పేరుతో జట్టు కట్టారు. అంటే తెర మీద మనవాళ్ళు చూస్తున్న ప్రతి గెంతు వెనుక ఎవరో ఒకరు మోకాళ్ళు పగలగొట్టుకుని నేర్చుకున్న పాఠం ఉంది. మనవడితో ఈ కథ చెప్పి చూడండి, మైదానానికి తనే లేస్తాడేమో. అన్నట్టు, అపార్ట్‌మెంట్ల మీద, మెట్రో పిల్లర్ల పనుల దగ్గర గెంతులు వేయవద్దని కుర్రవాళ్ళకు నా గట్టి మాట. పార్కూర్ నేర్చుకునేవాళ్ళు నేల మీద దొర్లడం వచ్చాకే ఎత్తుకు వెళతారు.

లింగంపల్లి సోదరి పూరణ

రైలు కిటికి పక్క రద్దీని తప్పించి
చోటు దొరికినంతఁ జూచె బయట
బండి కదలఁ జెట్లు పరుగెత్తె వెనుకకు
గోడ నడిచె నరుఁడు కూరుచుండె

నిర్వాహకుడు: ఎమ్‌ఎమ్‌టీఎస్‌లో రోజూ వెళ్ళే వారికే ఇది తోస్తుంది. ఒక్క విశేషణం ఎక్కువ లేదు, పాదం పాదానికీ పని ఉంది. ముందు చెట్లు పరుగెత్తాయి కాబట్టి వెనకే గోడ నడవడం సహజంగా కుదిరింది. పరుగు తరువాత నడక రావడం కూడా బాగుంది: చెట్లు వేగంగా పోతాయి, పొడవాటి గోడ నెమ్మదిగా సాగుతుంది.

మల్కాజిగిరి తమ్ముడు: అక్కా, ఆటలో మాకు కలిగేది అచ్చం ఇదే. మనం ఎక్కడున్నామో అక్కడే ఉంటాం, ఊరంతా మన మీదికి వస్తుంది.

లింగంపల్లి సోదరి: నేనసలు ఆట ఆడలేదు తమ్ముడూ. నువ్వు చెప్పాక చూడాలనిపిస్తోంది.

మల్కాజిగిరి తమ్ముని పూరణ

గురువు గారికి నమస్కారం. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఇదే నా మొదటి ఆటవెలది. తప్పులుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఎఱ్ఱ గొట్టమొకటి దారి చూపుచునుండఁ
దెల్ల మేడ మీఁదఁ దీగ మీఁదఁ
జేతులె కనుపింపఁ జిత్రాన ఫెయితుకై
గోడ నడిచె నరుఁడు కూరుచుండె

నిర్వాహకుడు: టెన్షన్ పడకు నాయనా. వచ్చిన పూరణల్లో ఆటను దగ్గరగా చూపించినది నీదే. తెల్లని ఊరిలో ఎఱ్ఱ గొట్టం! ఆ ఎరుపు ఎందుకో తెలియని వారికి నువ్వే చెప్పు.

మల్కాజిగిరి తమ్ముడు: ఆ ఊళ్ళో మేడలు, కప్పులు అన్నీ తెలుపే సార్. మనం పరుగెత్తుతుంటే ఎక్కదగిన గొట్టం, తొయ్యదగిన తలుపు, దూకడానికి వేసిన పలక ఎఱ్ఱబడతాయి. దాన్ని రన్నర్ విజన్ అంటారు. ఆగి ఆలోచించే సమయం ఉండదు, ఎరుపు చూసి కాలు కదపాలి. ఫెయిత్ బూట్లు, చేతి తొడుగు కూడా ఎరుపే. కావాలంటే ఆ గుర్తులు తీసేసి మన దారి మనమే వెతుక్కోవచ్చు.

నిర్వాహకుడు: ఇప్పుడు దోషం. మొదటి పాదంలో మొదటి అక్షరం "ఎ". నాలుగో గణం "దారి చూ" అని మొదలైంది. ఎకారానికి దాకారానికి యతి చెల్లదు. తక్కిన పాదాలు చూడు: దె-దీ, జే-జి, రెండూ చక్కగా కుదిరాయి. అంటే నీకు చెవి ఉంది. ఒక్కచోట తొందరపడ్డావు.

మల్కాజిగిరి తమ్ముడు: దారి చూపడమే అక్కడ ముఖ్యం కదా సార్, ఆ మాట వదలబుద్ధి కాలేదు.

నిర్వాహకుడు: మాట వదులు, భావం వదలకు. "ఎఱ్ఱ గొట్టమొకటి యెటుపోవలెనొ చెప్పఁ" అని చూడు. ఎ-యె యతి కుదిరింది. భావం ఇంకా బలపడింది: నువ్వు దారి చూపుతోందని మామూలుగా అన్నావు, ఇప్పుడు గొట్టమే నోరు విప్పి ఎటు పోవాలో చెబుతోంది. పద్యంలో యతి, నీ ఆటలో ఆ పలక ఒకే పని చేస్తాయి. నువ్వు ఎంత దూరమైనా గెంతు, కాలు మోపవలసిన చోటు ముందే ఉంది. అక్కడ మోపితే వేగం తగ్గదు, తప్పితే అక్కడే తూలి పడతావు. నాలుగు పద్యాలు రాశావంటే యతి స్థానం నీకు కూడా ఎఱ్ఱగా కనబడుతుంది.

మల్కాజిగిరి తమ్ముడు: అర్థమైంది సార్! దొర్లడం కూడా అంతే. నేల తాకడానికి సరిగ్గా ముందు నొక్కాలి. ఆలస్యమైతే ఒళ్ళు అదిరి వేగం పోతుంది.

కూకట్‌పల్లి మిత్రుడు: ఆ దొర్లుడు గురించే నాకు బెంగ. మొన్న ఏప్రిల్ 22 నుంచి బీటా, అంటే విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే ఆట, ఆడినవాళ్ళు చెబుతున్నారు, పాత ఆటలో మొదటి నుంచీ వచ్చే కొన్ని విన్యాసాలను ఇందులో సంపాదించుకోవాలట. ఫెయిత్‌కు పరుగు మళ్ళీ నేర్పించాలా?

మల్కాజిగిరి తమ్ముడు: అన్నా, అది నాకూ నచ్చలేదు. కానీ తుపాకి పూర్తిగా తీసేశారు చూడు, అది చాలు నాకు. మొదటి ఆటలో శత్రువు చేతిలోంచి లాక్కుని కాల్చవచ్చు. కాల్చినప్పుడల్లా పరుగు ఆగిపోయేది. ఇందులో ఆగే పనే లేదు.

నిర్వాహకుడు: నా మాట కూడా తమ్ముడి వైపే. ఒక్క నియమం గట్టిగా పట్టుకున్న ఆటకే, పద్యానికే, తనదైన నడక వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ మిత్రుని పూరణ

మాఘమాసమనుచు మాట యిచ్చిరి తొల్త
తాళుమనిరి చలియుఁ దరలిపోయె
వచ్చునన్న దినము వైశాఖమును దాటె
గోడ నడిచె నరుఁడు కూరుచుండె

నిర్వాహకుడు: ఎదురుచూపు అడిగాను, ఇదిగో వచ్చింది. పంచాంగం తీసి చూశాను, లెక్క తప్పలేదు. ఆట విడుదల మొదట ఫిబ్రవరి 23 అన్నారు, అది మాఘం. తరువాత మే 24 అన్నారు, అది వైశాఖం. ఇప్పుడు జూన్ 7, జ్యేష్ఠం. 2013 జూన్‌లో మొదటిసారి చూపించినప్పటి నుంచి కాచుకున్నవాళ్ళకు ఈ చివరి నెలలే బరువు. "చలియుఁ దరలిపోయె" దగ్గర చలిని కూడా పోగొట్టుకున్నవాడి ఉసూరు వినబడింది.

అయితే పద్యం నాలుగో పాదం దగ్గర తెగిపోయింది. తేదీ జరిగితే గోడ ఎందుకు నడిచింది?

దిల్‌సుఖ్‌నగర్ మిత్రుడు: గోడ మీద క్యాలెండర్ అండీ. తేదీల మీద సున్నాలు చుట్టుకుంటూ కూర్చున్నాను. నెలలు కదులుతున్నాయి, నేను అక్కడే ఉన్నాను.

నిర్వాహకుడు: అది మీ మనసులో ఉంది, పద్యంలో లేదు. చదివేవాడికి క్యాలెండర్ అందాలి. మూడో పాదం దానికి ఇవ్వండి.

అవధాని గారు: వైశాఖం వదులుకోవడం కష్టమే కానీ, నిర్వాహకుల మాట నిజం. పంచాంగ పటం గోడకు తగిలించి ఉన్నట్టు చెబితే సరిపోతుంది.

దిల్‌సుఖ్‌నగర్ మిత్రుడు: సవరించాను, చూడండి.

మాఘమాసమనుచు మాట యిచ్చిరి తొల్త
తాళుమనిరి చలియుఁ దరలిపోయె
తిథుల పటము మోసి దినదినమును మారి
గోడ నడిచె నరుఁడు కూరుచుండె

నిర్వాహకుడు: ఇదీ! తిథుల పటాన్ని మోస్తూ నడిచేది గోడే. తి-ది యతి, సలగణంతో ముగింపు, అన్నీ అమరాయి. కూర్చున్న నరుడి మీద జాలి కూడా కలిగింది. రైలు పూరణ నిర్మాణంలో దీనికన్నా నునుపు, ఒప్పుకుంటాను. కానీ ఈ వారం సభలో పైకి చదవమంటే నేను దీన్నే చదువుతాను, ఎందుకంటే ఇందులో ఒక మనిషి నిజంగా కాచుకుని కూర్చున్నాడు.

వచ్చే సమస్య, ఇదీ ఆటవెలదే:

*కాలు జారి నరుఁడు గగనమెక్కె*

కా-గ యతి ఇచ్చేశాను. జూన్ 7 లోపల పంపించండి. మల్కాజిగిరి తమ్ముడూ, ఈసారి మొదటి పూరణ నీదే కావాలి.